చనిపోయాక ఎక్కడ, తీర్పయ్యాక ఎక్కడ: సంఘానికో మాట విని తేల్చుకోలేకపోతున్నవాళ్ళకి

ఇంట్లో ఎవరైనా చనిపోతే భూస్థాపన దగ్గర పాస్టర్ గారు "ఈయన ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నారు" అంటారు, పరామర్శకి వచ్చిన అడ్వెంటిస్టు బంధువు "కాదండీ, పునరుత్థానం దాకా నిద్రే" అంటాడు, ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) పిన్నిగారేమో నవంబర్ 2న ఆ ఆత్మ కోసం పూజ పెట్టిస్తానంటుంది, ఇంటికెళ్ళి ఫోన్ తీస్తే యూట్యూబ్‌లో ఇంకొకాయన అసలు నరకమే లేదంటాడు. నలుగురి చేతిలోనూ బైబిలే ఉంది. వీటిలో ఏది పట్టుకోవాలో తెలియక ఆగిపోయినవాళ్ళ కోసం రాస్తున్నాను. నేను లూథరన్ ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి, నా మొగ్గు ఎటో కూడా మధ్యలో చెప్తాను, దాచుకోను.

ముందు ఒక ముడి విప్పాలి. ఇది ఒక ప్రశ్న కాదు, రెండు. చనిపోయిన క్షణం నుంచి పునరుత్థానం దాకా మనిషి ఎక్కడ ఉంటాడనేది ఒకటి. తీర్పు అయిపోయాక రక్షణ లేనివాళ్ళ గతి ఏంటనేది రెండోది. మనవాళ్ళ వాదనల్లో సగం ఈ రెండూ కలిపేయడం వల్లే వస్తాయి. లూకా 16లో యేసు చెప్పిన ధనవంతుడు పాతాళంలో యాతన పడుతూ, లాజరు అనే బీదవాణ్ణి పంపి వేలికొన నీళ్ళలో ముంచి నా నాలుక చల్లార్చమని అబ్రాహాముని అడుగుతాడు కదా, అప్పటికి అతని ఐదుగురు అన్నదమ్ములు ఇంకా ఇంటి దగ్గర బతికే ఉన్నారు. అంటే అది తీర్పుకి ముందు సంగతి. ప్రకటన 20:14కి వస్తే ఆ పాతాళాన్నే తీసుకెళ్ళి అగ్నిగుండంలో పడేస్తారు. కాబట్టి లూకా 16 ఒక్కటే చూపించి "నరకం ఎప్పటికీ ఇలాగే" అనేవాళ్ళు మొదటి ప్రశ్నకి సంబంధించిన వాక్యంతో రెండో ప్రశ్నకి జవాబు చెప్తున్నారు.

ఇంకో మాట, భయపడేవాళ్ళ కోసం. క్రీస్తు మళ్ళీ వస్తాడు, చనిపోయినవాళ్ళు శరీరంతో లేస్తారు, సజీవులకీ మృతులకీ ఆయనే తీర్పు తీరుస్తాడు, తర్వాత నిత్యజీవం. ఇది విశ్వాస ప్రమాణంలో ఉంది, లూథరన్లు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), ఆర్.సి.ఎం. వాళ్ళు గుడిలో నోటితో చెప్తారు, బాప్టిస్టులు, బ్రదరన్, పెంతెకొస్తు, అడ్వెంటిస్టులు చెప్పకపోయినా నమ్ముతారు. ఇక్కడ తేడా లేదు. నేను పోల్చేవన్నీ ఈ గోడ లోపలి తేడాలే.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను చూసేవి నాలుగు.

మొదటిది, ఆ అభిప్రాయం తనకి ఎదురొచ్చే వాక్యాలతో ఏం చేస్తుంది. అనుకూలమైన వాక్యాలు ప్రతివాళ్ళ దగ్గరా ఉంటాయి, అవి చూసి ఎంచుకుంటే నిన్న విన్న ప్రసంగమే గెలుస్తుంది.

రెండు, దేవుని న్యాయం, ప్రేమ రెండూ అందులో నిలబడుతున్నాయా అని. అబ్రాహాము సొదొమ కోసం బతిమాలుతూ "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా" అని అడిగాడు, దేవుడు ఆ ప్రశ్నకి కోప్పడలేదు. మనం కూడా అడగొచ్చు.

మూడు, సమాధి దగ్గర నిలబడి ఆ మాట ఆ కుటుంబం మొహం చూసి చెప్పగలమా. చెప్పలేకపోతే అది అబద్ధమని కాదు, కానీ మనం దాన్ని ఇంకా నిజంగా నమ్మలేదని అర్థం.

నాలుగోది ప్రాక్టికల్: మీ సంఘం రాతపూర్వకంగా ఏం ఒప్పుకుంది. సండే స్కూల్ చెప్పేవాళ్ళకి, పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళకి, సేవకి వెళ్దామనుకునే కుర్రాళ్ళకి ఇది చాలా అవసరం, తర్వాత తెలిసి బాధపడే కంటే ముందే కనుక్కోవడం మేలు.

లెక్కలోకి తీసుకోకూడనిది కూడా చెప్పాలి. "నేను చనిపోయి నరకం చూసొచ్చాను" అనే సాక్ష్యాల వీడియోలు దయచేసి కొలబద్దగా పెట్టుకోకండి. ఆ ధనవంతుడు అడిగింది అదే కదా, చనిపోయినవాళ్ళలోంచి ఒకణ్ణి మా అన్నదమ్ముల దగ్గరికి పంపించమని. అబ్రాహాము జవాబు ఏంటంటే మోషేనీ ప్రవక్తలనీ విననివాళ్ళు చనిపోయినవాడు లేచొచ్చినా నమ్మరని. ఆ ఒక్క వచనం, లూకా 16:31, ఈ వీడియోలన్నిటికీ సరిపోతుంది.

మొదటి ప్రశ్న: చావుకీ పునరుత్థానానికీ మధ్య

*వెంటనే క్రీస్తు దగ్గరికి.* మన ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఎక్కువమంది చెప్పేది ఇదే. పౌలు ఫిలిప్పీ 1:23లో వెళ్ళిపోయి క్రీస్తుతో ఉండాలని ఆశ, అదే మరి మేలు అంటాడు, 2 కొరింథీ 5:8లో దేహాన్ని విడిచి ప్రభువు దగ్గర ఉండటమే ఇష్టం అంటాడు. మధ్యలో స్పృహ లేని నిద్రే అయితే అది "మరి మేలు" ఎలా అవుతుంది, ఫిలిప్పీ సంఘంతో గడిపే రోజులు పోగొట్టుకుని ఏమీ తెలియకుండా పడి ఉండటం పౌలుకి లాభమా? ఈ ప్రశ్న నాకు బలంగా అనిపిస్తుంది. సిలువ మీద దొంగకి యేసు "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్న మాట కూడా ఇటే లాగుతుంది. బలహీనత ఎక్కడంటే, ఇలా చెప్పీ చెప్పీ పునరుత్థానాన్ని జనం మర్చిపోయారు. "పరలోకం వెళ్ళిపోయారు, అయిపోయింది" అన్నట్టు మాట్లాడతారు, అప్పుడు 1 కొరింథీ 15 అధ్యాయం మొత్తం దేనికి? పరదైసు మధ్యలో ఆగే చోటు, పునరుత్థానం చివరి గమ్యం. ఈ అభిప్రాయం ఎంచుకునేవాళ్ళు ఇది గట్టిగా పట్టుకోవాలి.

*నిద్ర.* అడ్వెంటిస్టుల బోధ. వాళ్ళ సంఘం 1863లో ఏర్పడింది కానీ ఈ ఆలోచన అంతకంటే చాలా పాతది, సంస్కర్త కాల్విన్ 1534లోనే దీనికి వ్యతిరేకంగా పుస్తకం రాశాడు. ఇంకో పక్క లూథర్ చావుని నిద్ర అని ఎన్నోసార్లు మాట్లాడాడు, కాబట్టి లూథరన్లు దీన్ని వినగానే కొట్టిపారేయడం తొందరపాటే. ప్రసంగి 9:5లో చచ్చినవారు ఏమీ ఎరుగరు అని ఉంది, యేసు బేతనియ లాజరు (లూకా 16లోని లాజరు కాదు) విషయంలో "నిద్రించుచున్నాడు" అన్నాడు, నాలుగు రోజుల తర్వాత బయటికొచ్చిన లాజరు ఎక్కడికెళ్ళాడో, ఏం చూశాడో యోహాను ఒక్క ముక్క రాయలేదు. మన చావు కార్డుల మీద "ప్రభువునందు నిద్రించారు" అని వేయించేది కూడా ఈ వాక్యాల్లోంచి వచ్చిన మాటే. ఈ అభిప్రాయంలో పునరుత్థానానికి పూర్తి బరువు ఉంటుంది, అది నాకు నచ్చే విషయం. చనిపోయినవాళ్ళతో మాట్లాడిస్తామనేవాళ్ళ దగ్గరికి వెళ్ళే ఆలోచనే రాదు, అదీ మేలే. చిక్కు ఏంటంటే ఫిలిప్పీ 1:23కి, దొంగతో చెప్పిన మాటకి జవాబు చెప్పడానికి చాలా కష్టపడాలి. నిద్రపోయినవాడికి మధ్య కాలం తెలియదు కాబట్టి కళ్ళు మూయడం, తెరవడం ఒక్కటే అంటారు, అది కొంత ఒప్పుకోదగ్గ జవాబే. కానీ ప్రకటన 6:9-10లో బలిపీఠం కింద "ఎందాక ప్రభువా" అని కేకలేస్తున్న హతసాక్షుల ఆత్మల్ని కేవలం ఉపమానం అనాల్సి వస్తుంది.

అడ్వెంటిస్టుల్నీ యెహోవా సాక్షుల్నీ ఒకే గాటన కట్టేవాళ్ళు మన ఊళ్ళల్లో చాలామంది ఉన్నారు, అది అన్యాయం. మృతుల స్థితి మీద పోలిక ఉంది నిజమే కానీ అడ్వెంటిస్టులు త్రిత్వాన్ని నమ్ముతారు, సాక్షులు నమ్మరు, 1,44,000 మందే పరలోకానికి వెళ్తారు, మిగతావాళ్ళు భూమి మీదే ఉంటారు అనేది సాక్షుల బోధ.

*ఉత్తరించు స్థలం.* ఆర్.సి.ఎం. బోధ. దీని గురించి మన ప్రొటెస్టెంట్లు విన్నది ఎక్కువ, తెలిసింది తక్కువ. ఇది రెండో అవకాశం కాదు. కృపలో చనిపోయి రక్షణ ఖాయమైనవాళ్ళే అక్కడ ఉంటారు, ఇంకా పూర్తిగా శుద్ధి కాలేదు కాబట్టి శుద్ధి అవుతారు, అక్కడి నుంచి నరకానికి దారి లేదు. 1439లో ఫ్లోరెన్సు మహాసభ చెప్పింది, 1563లో త్రెంతు మహాసభ మళ్ళీ ఖాయం చేసింది. ఆధారంగా 1 కొరింథీ 3:15 చూపిస్తారు, పని కాలిపోయినా మనిషి అగ్నిలోంచి తప్పించుకున్నట్టు రక్షింపబడతాడనే మాట. ఇంకోటి 2 మక్కబీయులు 12. యుద్ధంలో చనిపోయిన యూదా సైనికుల్ని పాతిపెట్టడానికి వెళ్తే వాళ్ళ బట్టల కింద విగ్రహాల తాయెత్తులు దొరుకుతాయి, అప్పుడు వాళ్ళ నాయకుడు యూదా మక్కబీ దగ్గర దగ్గర 2,000 వెండి నాణేలు పోగుచేసి వాళ్ళ పాపం కోసం బలి అర్పించమని యెరూషలేముకి పంపిస్తాడు. ఆ పుస్తకం మన ప్రొటెస్టెంట్ బైబిల్లో లేదు, కాబట్టి ఇక్కడ అసలు తేడా ఒక వచనం మీద కాదు, ఏ పుస్తకాలు లేఖనం అనే దాని మీదే. 1517లో లూథర్ గొడవ మొదలైంది కూడా దీని చుట్టూ జరిగిన పాపపరిహార పత్రాల అమ్మకం మీద. ఈ బోధకి నేను ఒప్పుకోలేను, క్రీస్తు రక్తం చేసిన శుద్ధికి ఇంకేం మిగిలిందనేది నా ప్రశ్న. కానీ చనిపోయిన మనిషి కోసం ఇంకా ప్రేమతో ఏదో చేయగలమనే ఆసరా ఆ పిన్నిగారికి ఉంది, అది మన దగ్గర లేదు, ఆ లోటు నాకు తెలుసు.

| | వెంటనే క్రీస్తు దగ్గర | నిద్ర | ఉత్తరించు స్థలం |
|---|---|---|---|
| ఎవరు బోధిస్తారు | లూథరన్, బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకొస్తు ఎక్కువగా | అడ్వెంటిస్టులు | ఆర్.సి.ఎం. |
| బలమైన వాక్యం | ఫిలిప్పీ 1:23 | ప్రసంగి 9:5, యోహాను 11 | 1 కొరింథీ 3:15, 2 మక్కబీ 12 |
| కష్టపెట్టే వాక్యం | ప్రసంగి 9:5 | ప్రకటన 6:9-10 | హెబ్రీ 10:14 |
| మృతుల కోసం ప్రార్థన | సాధారణంగా లేదు | లేదు | ఉంది |
| జారిపోయే ప్రమాదం | పునరుత్థానాన్ని మర్చిపోవడం | క్రీస్తు సహవాసం తెగిందనిపించడం | కృప చాలదేమో అనే భయం |

రెండో ప్రశ్న: తీర్పు తర్వాత

ఇది బరువైనది. ధవళ సింహాసనం తీర్పు, క్రీస్తు న్యాయపీఠం రెండూ వేరా ఒకటేనా, వెయ్యేళ్ళ పాలన ముందా వెనకా అనే చర్చ బ్రదరన్, పెంతెకొస్తు సంఘాల్లో చాలా నడుస్తుంది, లూథరన్లు, ఆర్.సి.ఎం. వాళ్ళు చివరి తీర్పు ఒకటే అంటారు. అది ఎటు తేలినా చివర్లో ఎవరి గతి ఏంటనేది మారదు కాబట్టి దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను.

*అంతులేని శిక్ష.* సంఘ చరిత్రలో ఎక్కువమంది నమ్మింది ఇదే, అగస్టీను దీన్ని గట్టిగా వాదించాడు, లూథరన్ల ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు (1530) 17వ అంశం శిక్షకి అంతం ఉందనేవాళ్ళని పేరుపెట్టి ఖండిస్తుంది. మత్తయి 25:46 దీనికి వెన్నెముక: వీరు నిత్యశిక్షకును నీతిమంతులు నిత్యజీవమునకును పోవుదురు. ఒకే వాక్యంలో ఒక పక్క జీవం అంతులేనిదైతే ఇంకో పక్క శిక్ష కూడా అంతే కదా అనేది వాదన, దీన్ని తప్పించుకోవడం సులువు కాదు. ప్రకటన 14:11, 20:10 కూడా ఉన్నాయి. కష్టం ఎక్కడంటే న్యాయం దగ్గర. డెబ్బై ఏళ్ళ పాపానికి అంతులేని యాతనా? దీనికి సంఘం ఇచ్చిన జవాబు, పాపం ఎంతసేపు చేశామన్నది కాదు ఎవరి మీద చేశామన్నది లెక్క అని. ఇంకో విషయం మన ఉజ్జీవ సభల్లో అసలు చెప్పరు: యేసే శిక్షలో తేడాలు చెప్పాడు. లూకా 12:47-48లో యజమాని చిత్తం తెలిసీ చేయనివాడికి చాలా దెబ్బలు, తెలియక చేసినవాడికి కొద్ది దెబ్బలు. తూరు, సీదోను గతి కొరాజీను కంటే ఓర్చదగినదిగా ఉంటుందన్నాడు. అందరికీ ఒకే కొలిమి అనే బొమ్మ వాక్యంలోది కాదు.

*నాశనం.* అంటే తీర్పు జరుగుతుంది, శిక్ష ఉంటుంది, చివరికి దుష్టులు లేకుండా పోతారు. అమర్త్యత దేవుడొక్కడికే ఉంది (1 తిమోతి 6:16), అది క్రీస్తులో ఉన్నవాళ్ళకి వరంగా వస్తుంది, మిగతావాళ్ళకి రాదు. అడ్వెంటిస్టులు ఇదే నమ్ముతారు, వాళ్ళొక్కళ్ళే కాదు, ఇంగ్లాండులో పేరున్న ఆంగ్లికన్ బోధకుడు జాన్ స్టాట్ 1988లో తను ఇటు మొగ్గుతున్నానని, కానీ తేల్చి చెప్పడం లేదని రాశాడు, చాలామంది ఉలిక్కిపడ్డారు. వాక్యాలు చూస్తే ఆశ్చర్యపోతాం, యోహాను 3:16లో ఉన్నది "నశింపక" అని, రోమా 6:23లో పాపానికి జీతం మరణం అని, మత్తయి 10:28లో ఆత్మనీ దేహాన్నీ నరకంలో నశింపజేయగలవాడికి భయపడమని, మలాకీ 4లో దుర్మార్గులు ధూళి అవుతారని, ప్రకటన అగ్నిగుండాన్నే రెండవ మరణం అంటుంది. యూదా 7లో సొదొమ నిత్యాగ్ని శిక్ష అనుభవిస్తోందని ఉంది, ఆ ఊరు ఇప్పుడు మండటం లేదు, కాబట్టి నిత్యమనేది ఫలితం అంటారు. చిక్కు మళ్ళీ ప్రకటన 20:10 దగ్గరే, "యుగయుగములు రాత్రింబగళ్లు బాధింపబడుదురు" అని అక్కడ సాతానుతో పాటు అబద్ధ ప్రవక్త కూడా ఉన్నాడు. దాన్ని సూచనగా చదవాలంటారు, చదవచ్చు, కానీ తేలిగ్గా కాదు.

*చివరికి అందరూ.* మూడో శతాబ్దంలో ఒరిగెను, నాలుగో శతాబ్దంలో నిస్సా గ్రెగొరీ ఇలా నమ్మారు, గ్రెగొరీని సంఘం ఇప్పటికీ పరిశుద్ధుడిగానే గౌరవిస్తుంది. 553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ నాటికి ఒరిగెను పేరు మీద ఉన్న బోధల్ని ఖండించారు. 1 కొరింథీ 15:22, కొలొస్సీ 1:20, రోమా 5:18 చదివితే ఈ ఆశ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. కానీ తనని అప్పగించిన ఇస్కరియోతు యూదా గురించి యేసు "ఆ మనుష్యుడు పుట్టియుండనియెడల వానికి మేలు" అన్నాడు, ఎంత ఆలస్యంగానైనా చివరికి రక్షణ ఉంటే ఆ మాట నిలబడదు. అందుకే నేను దీన్ని బోధగా ఒప్పుకోను. ఎవ్వరూ నశించకూడదని ప్రార్థించడం మాత్రం దేవుని మనసే (1 తిమోతి 2:4), ఆ ప్రార్థన చేయడానికి ఈ సిద్ధాంతం అక్కర్లేదు.

నా మొగ్గు: మొదటి ప్రశ్నలో క్రీస్తు దగ్గరే. రెండోదాంట్లో నా సంఘం ఒప్పుకున్నదానితోనే ఉన్నాను, మత్తయి 25:46 నన్ను కదలనివ్వదు, కానీ నాశనం అనేవాళ్ళని దుర్బోధకులు అనడానికి నాకు నోరు రాదు, వాళ్ళ చేతిలో ఉన్న వాక్యాలు అన్ని ఉన్నాయి.

ఎవరికి ఏది ముఖ్యం

*ఇంట్లో మొదటి తరం విశ్వాసులు.* తెలుగు క్రైస్తవుల్లో అందరికంటే ఎక్కువ బాధపడేది వీళ్ళే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. అమ్మానాన్నా హిందువులుగానే చనిపోయారు, తాతమ్మ యేసు పేరు కూడా వినలేదు, ఇప్పుడు వాళ్ళెక్కడ? ఒక సభలో ఎవరో మైకులో "అందరూ నరకంలోనే" అంటే ఆ రాత్రి నిద్ర ఎలా పడుతుంది. మీరు ఏ అభిప్రాయం ఎంచుకున్నా ఈ మూడూ మనసులో పెట్టుకోండి. ఒకటి, రోమా 2:12-16 ప్రకారం ధర్మశాస్త్రం లేనివాళ్ళకి తీర్పు వాళ్ళకి ఉన్న వెలుగుని బట్టి, వాళ్ళ మనస్సాక్షి కూడా సాక్ష్యం చెప్తుంది. రెండు, కొద్ది దెబ్బల మాట యేసుదే. మూడు, తీర్పు తీర్చే కుర్చీ మనది కాదు, ఆ మైకు పట్టుకున్నాయనదీ కాదు. ఆర్.సి.ఎం. వాళ్ళకి ఇక్కడ స్పష్టమైన రాత ఉంది, 1964లో రెండో వాటికన్ సభ తమ తప్పు లేకుండా సువార్త తెలియనివాళ్ళు, నిజాయితీగా దేవుణ్ణి వెతికి మనస్సాక్షి ప్రకారం నడిస్తే, నిత్య రక్షణ పొందగలరని చెప్పింది. ప్రొటెస్టెంట్లలో అంత ధైర్యంగా రాసుకున్న సంఘాలు తక్కువ, చాలామంది "దేవునికి వదిలేద్దాం" దగ్గర ఆగుతారు. ఆగడం తప్పు కాదు. తప్పేంటంటే తెలియనిది తెలిసినట్టు ఏడుస్తున్న కూతురికి చెప్పడం.

*బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళు.* పైవన్నీ ఇప్పుడు చదవక్కర్లేదు. దావీదు తన పసిబిడ్డ చనిపోయినప్పుడు "నేను వానియొద్దకు పోవుదును" అన్నాడు, 2 సమూయేలు 12:23. బాప్తిస్మం లేకుండా పోయిన పసిపిల్లల గురించి ఆర్.సి.ఎం. లో పాత భయం ఒకటి ఉండేది, 2007లో వాటికన్ దైవశాస్త్ర కమిషన్ వాళ్ళ రక్షణ మీద ఆశ పెట్టుకోవడానికి బలమైన కారణాలున్నాయని రాసింది. పసివాళ్ళు నరకానికి వెళ్తారని మీకు ఎవరైనా చెప్తే ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కకండి.

*భయంతో నమ్మినవాళ్ళు.* చిన్నప్పుడు సభల్లో నరకం బొమ్మలు చూసి చెయ్యెత్తినవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరు అభిప్రాయం మార్చుకునే ముందు ఒక పని చేయండి, నాలుగు సువార్తల్లో యేసు నరకం గురించి ఎవరితో మాట్లాడాడో చూడండి. ఎక్కువసార్లు శిష్యులతో, మతపెద్దలతో, మాకేం పర్లేదు అనుకునేవాళ్ళతో. నలిగిపోయి వచ్చిన సమరయ స్త్రీతోనో, వ్యభిచారంలో పట్టుబడిన ఆమెతోనో ఆ మాట ఎత్తలేదు.

*సేవకి వెళ్ళేవాళ్ళు, సండే స్కూల్ చెప్పేవాళ్ళు.* మీ వ్యక్తిగత మొగ్గు మీ సంఘం ఒప్పుకోలుకి పడకపోతే ముందు పాస్టర్ గారితో మాట్లాడండి, తరగతిలో పిల్లల ముందు కాదు. అడిగేటప్పుడు "నరకం ఉందా" అని అడగకండి, ఉందనే చెప్తారు. "నాశనం అనేవాళ్ళని మన సంఘంలో సభ్యులుగా ఉంచుతారా, బోధించనిస్తారా" అని సూటిగా అడిగితే అప్పుడు మీకు పనికొచ్చే జవాబు వస్తుంది.

*ఇంట్లో రెండు సంఘాలు ఉన్నవాళ్ళు.* ఆయన బాప్టిస్టు, ఆవిడ ఆర్.సి.ఎం., ఇలాంటి ఇళ్ళు మనకి కొత్త కాదు. నవంబర్ 2 సమాధుల పండుగకి ఏం చేయాలనే దగ్గరే గొడవ వస్తుంది. కోస్తాలో చాలా చోట్ల ప్రొటెస్టెంట్ కుటుంబాలు కూడా ఆ రోజు సమాధులకి సున్నం కొట్టించి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి, జ్ఞాపకం కోసం. కాబట్టి ఇద్దరూ కలిసి వెళ్ళొచ్చు, ఆవిడ ఆత్మ కోసం ప్రార్థన చేస్తుంది, ఆయన చనిపోయినవాళ్ళ బతుకు కోసం కృతజ్ఞత చెప్తాడు, ఒకళ్ళ ప్రార్థన ఒకళ్ళు ఆపక్కర్లేదు. పూజ పెట్టించడానికి డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం ముందే ఇంట్లో మాట్లాడుకోండి, స్మశానం గేటు దగ్గర కాదు. ఇక సమాధి రాయి మీద ఏం చెక్కించాలని అన్నదమ్ముల మధ్య పేచీ వస్తే యోహాను 11:25 వేయించండి, "పునరుత్థానమును జీవమును నేనే". నిద్ర అనేవాళ్ళూ, సన్నిధి అనేవాళ్ళూ, పూజ పెట్టించేవాళ్ళూ ముగ్గురూ దానికి అభ్యంతరం చెప్పరు.